శ్రీమతి మాణిక్యంపై అభియోగ పత్రం

ఆ సోమవారం పొద్దున కొత్తరేవు ధ్వని గ్రంథాలయంలో పన్నెండు వందల పద్నాలుగు పుస్తకాలకు ఒక్కసారిగా ప్రభుత్వోద్యోగాలు వచ్చాయి. వాటిలో ఒక్కటి కూడా పరీక్ష రాయలేదు. ఒక్కటి కూడా దరఖాస్తు పెట్టుకోలేదు.

ఆ సంగతి అందరికంటే ముందు తెలిసింది నూకరాజు మాస్టారికి. ఆయన అసలు గ్రంథాలయం మనిషి కాదు. ఊళ్లో హైస్కూల్లో తెలుగు చెప్పుకుంటూ ఉంటే, లైబ్రేరియన్ పోస్టు ఖాళీగా ఉందనీ, మూడు నెలల పని అనీ చెప్పి డిప్యుటేషన్ మీద ఇక్కడికి పంపారు. అది జరిగి రెండేళ్లు దాటింది.

ధ్వని గ్రంథాలయం అంటే మేడ మీద ఒక గది. మూడు కంప్యూటర్లు, ఆరు హెడ్‌ఫోన్లు, తలుపు సరిగా పడని ఒక బీరువా. చూపు లేనివాళ్లు, చూపు తగ్గినవాళ్లు వచ్చి అక్కడ పుస్తకాలు వింటారు. ఆ పుస్తకాలు ఎవరెవరో తమ ఇళ్లలో కూర్చుని చదివి, రికార్డు చేసి, సీడీల్లోనో పెన్‌డ్రైవుల్లోనో తెచ్చిచ్చినవి. వాటిని కంప్యూటర్లోకి ఎక్కించి, అధ్యాయాలను వరసలో పెట్టి, రచయిత పేరు రచయిత గడిలోనూ చదివినవారి పేరు చదివినవారి గడిలోనూ ఉండేలా చూడటం మాస్టారి పని. రెండేళ్లలో ఆయన పన్నెండు వందల పద్నాలుగు పుస్తకాలను అలా సర్దారు. ఒక్క గడి కూడా ఖాళీగా వదలలేదు.

అందులో అరవై మూడు పుస్తకాలు ఆయన భార్య మాణిక్యం చదివినవి. ఆవిడ ఇంట్లో మిషను కుట్టేది. మధ్యాహ్నం మిషను ఆగిన గంటన్నరలో, ఫోనును మంచినీళ్ల గ్లాసుకు ఆనించి పెట్టుకుని చదివేది. ఎనిమిది నెలల క్రితం చనిపోయింది. ఎవరికైనా చెప్పాల్సి వస్తే మాస్టారు ఇంతే మాటల్లో చెప్పేవారు.

ఇక ఉద్యోగాల సంగతి. శాఖలో అంతకుముందు ఉద్యోగుల హాజరుకు 'సమగ్ర హాజరు' అని ఒక సాఫ్ట్‌వేర్, ధ్వని గ్రంథాలయానికి వేరే ఒక సాఫ్ట్‌వేర్ ఉండేవి. రెండెందుకని పై అధికారులకు తోచింది. ఆదివారం పూట 'ఒకే శాఖ, ఒకే సాఫ్ట్‌వేర్' అన్న నినాదం కింద రెండింటినీ కలిపేశారు. కలిపినప్పుడు ఆడియో పుస్తకాలన్నీ వెళ్లి హాజరు పట్టీలో పడ్డాయి. పుస్తకం పేరు ఉద్యోగి పేరైంది. రికార్డు చేసిన తేదీ ఉద్యోగంలో చేరిన తేదీ అయింది. అధ్యాయాలు 'ఆధారపడిన కుటుంబ సభ్యులు' అన్న గడిలో వరసగా కూర్చున్నాయి. తొంభై నాలుగు అధ్యాయాల పురాణం ఒకటి కుటుంబ సంక్షేమ విభాగం దృష్టికి వెళ్లినట్టు పక్కన చిన్న ఎర్ర చుక్క వెలుగుతోంది.

మాస్టారు జాయింట్ డైరెక్టర్ వైకుంఠరావు గారికి ఫోను చేసి, ఉన్నది ఉన్నట్టు చెప్పారు.

"మాస్టారూ, సాఫ్ట్‌వేర్ పొరపాటు చేయజాలదు" అన్నారు వైకుంఠరావు గారు. "పొరపాటు అనేది పూర్తిగా మానవ వనరుల పరిధిలోని అంశం."

"అవి పుస్తకాలండి."

"రికార్డుల ప్రకారం సిబ్బంది. సిబ్బంది సంఖ్యలో మన జిల్లా రాత్రికి రాత్రి రాష్ట్రంలో మొదటి స్థానానికి ఎగబాకింది. మంత్రిగారి పేషీ నుంచి అభినందన కూడా వచ్చేసింది. అభినందన వచ్చాక సవరణ ఉండదు. తమరు చేయవలసిందల్లా, ప్రతి దినమూ ఉదయం తొమ్మిదిన్నర లోపల సిబ్బంది హాజరు సక్రమంగా నమోదయ్యేట్టు చూడడం."

"పుస్తకానికి హాజరెలా వేస్తామండి?"

"మౌఖిక హాజరు. పది క్షణాలు మాట్లాడితే వచ్చినట్టు."

మాస్టారు ఫోను పెట్టేసి కాగితం మీద లెక్క వేశారు. ఒక్కో పుస్తకానికి పది సెకన్ల చొప్పున మొత్తం హాజరుకు మూడు గంటల ఇరవై రెండు నిమిషాలు పడుతుంది. తొమ్మిదిన్నరకు అవ్వాలంటే ఆరు దాటగానే మొదలుపెట్టాలి. అటెండరు వరలక్ష్మికి ఆ మాట చెబితే, "నాకు అప్పటికి ఇంట్లో పొయ్యే వెలగదండి" అంది. దాంతో మూడు కంప్యూటర్లలోనూ వందేసి పుస్తకాలను ఒకేసారి తెరిచి, స్పీకర్లు పెట్టి, అన్నిటికీ కలిపి హాజరు తీసుకోవాలని నిర్ణయమైంది.

మర్నాడు తొమ్మిదింటికి గదిలో మూడు వందల గొంతులు ఒకేసారి నోరు తెరిచాయి. ఒక గొంతు వరి నాట్ల గురించి చెబుతుంటే, ఒకటి కాకతీయుల గురించి, ఒకటి నడుము నొప్పికి తీసుకోవలసిన జాగ్రత్తల గురించి చెబుతోంది. ఆ సమయానికే జగ్గారావు గారు కర్రతో మెట్లు తడుముకుంటూ పైకొచ్చారు. ఆయన డెబ్బై దగ్గర పడ్డ మనిషి. పుట్టుకతోనే చూపు లేదు. నాటకాల కంపెనీల్లో నలభై ఏళ్లు హార్మోనియం వాయించారు. ఇప్పుడు రోజూ మొదటి బస్సుకు వచ్చి, మధ్యాహ్నం దాకా పుస్తకాలు విని వెళతారు.

గుమ్మంలోనే ఆగిపోయి, "ఏంటండీ మాస్టారూ, మండల సర్వసభ్య సమావేశం ఇక్కడికి మార్చారా?" అన్నారు.

"హాజరండి."

"ఎవరిది?"

మాస్టారు చెప్పారు. జగ్గారావు గారు కర్ర గోడకు ఆనించి, కుర్చీ వెతుక్కుని, సావకాశంగా కూర్చున్నారు.

"మా కంపెనీలో కృష్ణుడి వేషగాడు ఒకడుండేవాడండి. తెర లేచేదాకా కల్లుపాకలోనే ఉండేవాడు. వాడికి ఎప్పుడూ హాజరు వెయ్యలేదు. వీటికి వేస్తన్నారా! బావుందండి."

వారం తిరిగేసరికి మెమోలు రావడం మొదలైంది. నడుము నొప్పి పుస్తకం రెండు రోజులు ఆలస్యంగా వచ్చిందని ఒక మెమో. నిద్ర పట్టనివారి కోసం చదివిన కథల పుస్తకం విధి నిర్వహణలో ఆవలిస్తోందని మరొకటి. పాడి పశువుల పెంపకం పుస్తకం గీతలు పడ్డ సీడీ నుంచి ఎక్కించింది కావడంతో, "గేదెకు... గేదెకు... గేదెకు..." దగ్గరే ఆగిపోతూ ఉంటుంది. దానికి మాత్రం ఏకాగ్రతతో విధులు నిర్వహిస్తున్నందుకు ప్రశంసాపత్రం వచ్చింది. మాస్టారు దాన్ని అచ్చు తీయించి గోడకు అంటించారు. పై నుంచి వచ్చిన కాగితం దేన్నీ ఆయన పారేయరు.

ఆ తర్వాత సాధారణ బదిలీలు. ఒకేచోట అయిదేళ్లు దాటిన సిబ్బంది కదలాల్సిందే. వరి సాగు పుస్తకాలు ఏజెన్సీ మండలానికి వెళ్లాయి. కాఫీ తోటల పుస్తకం సముద్రం ఒడ్డుకు దిగింది. ఒక అపరాధ పరిశోధన నవలలో మొదటి భాగం కొత్తరేవులోనే ఉండిపోయి, రెండో భాగం తొంభై కిలోమీటర్ల అవతలికి పోయింది.

జగ్గారావు గారు ఆ నవలే వింటున్నారు. హెడ్‌ఫోను తీసి, "మాస్టారూ, జమీందారుని ఎవరు చంపారో చెప్పకుండా అయిపోయిందేంటండీ?" అన్నారు.

"హంతకుడు బదిలీ మీద వెళ్లాడండి."

"అయితే ఇన్‌స్పెక్టరు?"

"ఆయనా వెళ్లాడు. శవం ఒక్కటే మన దగ్గరుంది."

"భార్యాభర్తలు వేరే ఊళ్లలో ఉంటే ఒకచోటికి మారుస్తారు గదండీ మీ డిపార్టుమెంట్లో. ఆ లెక్కన పెట్టి చూడండి."

మాస్టారు నిజంగానే పెట్టారు. రెండు భాగాలకూ వివాహ ధ్రువీకరణ పత్రం జతపరచలేదని అది తిరిగొచ్చింది.

ఇదంతా మాస్టారు భరించారు. మనిషి సహజంగా నెమ్మది. పైగా, మాణిక్యం చదివిన అరవై మూడూ అయిదేళ్లు నిండనివి కావడంతో వాటి జోలికి ఎవరూ రాలేదు. హాజరు వేళ మూడు వందల గొంతుల్లో ఒక గొంతును ఆయన చెవి దానంతటదే పట్టుకునేది. పది సెకన్లు. తర్వాత ఆయన టిక్కు పెట్టుకుని తన పని చూసుకునేవారు.

రెండో నెల మొదట్లో ఇంకో అప్‌డేట్ వచ్చింది. ఈసారి కంప్యూటర్ తెరవగానే ఒక ఫారం నిలబడింది. పుస్తకం ఉద్యోగి అయితే, దాన్ని చదివిన మనిషి ఎవరు, ఎక్కడున్నారు, ఏం చేస్తున్నారు అని ప్రశ్న. ఒక్కొక్కరి పేరు ఎదుట నాలుగు గడులు: విధుల్లో ఉన్నారు, సెలవులో ఉన్నారు, డిప్యుటేషన్‌లో ఉన్నారు, మరణించారు. ఏదో ఒకటి నొక్కితే తప్ప ముందుకు కదలదు.

మాస్టారు ఫోన్లు చేసి కనుక్కుని, ఒక్కో పేరూ పూర్తి చేసుకుంటూ వచ్చారు. మాణిక్యం పేరు దగ్గర కొంచెంసేపు ఆగారు. ముప్పై నాలుగేళ్లు పిల్లల పేపర్లలో తప్పులు దిద్దిన చెయ్యి అది. నాలుగింటిలో సరైన జవాబు ఏదో ఆయనకు తెలుసు. నొక్కారు.

వెంటనే అరవై మూడు పుస్తకాలూ ఎర్రబడ్డాయి. 'ఉద్యోగి మరణం. సర్వీసు ముగింపు. ముప్పై రోజుల్లో ఫైళ్లు శాశ్వతంగా తొలగించబడును. ఈలోగా నకలు తీయరాదు.'

ఫోనులో చదివినవి సీడీలకు ఎక్కించగానే చెరిపేసేవారు. ఆ సీడీలు ఉన్నాయా అంటే, లేవు. నిరుడు కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చిన సందర్భంగా పాత సరుకునంతా పై ఆఫీసుకు అప్పగించి రసీదు తీసుకోవాలని ఉత్తర్వు వస్తే, మాస్టారు మొట్టమొదట అప్పగించింది ఇంట్లో ఉన్న మాణిక్యం సీడీల పెట్టెనే. అవి అక్కడ నిబంధనల ప్రకారం ధ్వంసం అయ్యాయి. రసీదు మాత్రం భద్రంగా ఉంది.

జగ్గారావు గారికి సంగతి తెలిసి కర్ర నేలకేసి కొట్టారు.

"సెలవులో ఉన్నారని పెట్టలేకపోయారా మాస్టారూ?"

"ఎలా పెడతానండి."

"పోనీ డిప్యుటేషన్ అని నొక్కండి! మూడు నెల్లని చెప్పి తమరు రెండేళ్లయి ఇక్కడున్నారు. ఎవరన్నా అడిగేరా? ఆవిడా ఎక్కడో ఉన్నారనుకునేవోరు."

మాస్టారు రసీదును మడిచి మళ్లీ ఫైల్లో పెట్టుకున్నారు.

"నిజం చెప్పడానికి కంప్యూటరే దొరికిందండీ మీకు?" అని, గొంతు తగ్గించి, "ఆవిడ చదివిన ఆ ఎద్దు నవల నేను నాలుగుసార్లు విన్నానండి. అయిదోది సగంలో ఉంది" అన్నారు జగ్గారావు గారు.

నాలుగు రోజులకు పై నుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. మరణించిన ఉద్యోగి వారసుల పట్ల శాఖ సానుభూతితో వ్యవహరించదలచినదనీ, అందువల్ల శ్రీమతి మాణిక్యం మరణంతో ఖాళీ అయిన అరవై మూడు ఆడియో పుస్తకాల పోస్టుల్లో ఆమె భర్త శ్రీ నూకరాజును కారుణ్య నియామకం కింద నియమించడమైనదనీ అందులో ఉంది. వారు గడువులోగా అరవై మూడు పుస్తకాలనూ తమ కంఠంతో భర్తీ చేసి, పాత కంఠాన్ని తొలగించి, చేరినట్టు నివేదిక పంపాలి.

వరలక్ష్మి ఉత్తర్వు చదివి వినిపించింది. జగ్గారావు గారు ఆలోచించారు.

"మీ గొంతూ బానే ఉంటదండి మాస్టారూ. హాజరు పిలిచినట్టుంటది."

మాస్టారు మధ్యాహ్నం ఇంటికి వెళ్లి, మాణిక్యం కూర్చుని చదివిన బల్ల మీదే ఫోను పెట్టుకుని, మొదటి పుస్తకం తెరిచి రెండు వాక్యాలు చదివారు. ఒక్క అక్షరం తప్పు పోలేదు. ఎక్కడ ఆగాలో అక్కడ ఆగారు. విని, చెరిపేసి, పుస్తకం మూసి, మర్నాడు జాయింట్ డైరెక్టరు గారి ఆఫీసుకు బస్సెక్కారు.

వైకుంఠరావు గారి గదిలో మూడు గోడల నిండా ఫైళ్లు ఉన్నాయి. నాలుగో గోడకు కిటికీ ఉండేదనడానికి గుర్తుగా కొంచెం వెలుతురు వస్తోంది. ఆయన లేచి నిలబడి, రెండు చేతులూ జోడించి, "శాఖ పక్షాన తమకు ప్రగాఢ సంతాపం. కూర్చోండి" అన్నారు.

మాస్టారు కూర్చున్నారు. "నియామకం నాకొద్దండి. ఆవిడ పుస్తకాలు ఎలా ఉన్నవి అలా ఉంచండి చాలు. వినేవాళ్లున్నారు."

"తమ బాధ నేనెరుగుదును. కానీ విషయ తీవ్రత తమకు అవగతమైనట్టు లేదు." వైకుంఠరావు గారు తెర మీద ఏదో చూపించారు. "ఆవిడ పరమపదించి తొమ్మిది మాసాలు దాటింది. హాజరు ప్రవేశపెట్టిన నాటినుంచి ఆవిడ ప్రతి దినమూ తొమ్మిదిన్నర లోపల విధులకు హాజరవుతున్నారు! ఒక్క సెలవు లేదు. ఒక్క ఆలస్యం లేదు. మరణానంతరం ఇంత క్రమం తప్పకుండా పనిచేయడం అంటే నియమావళిని సవాలు చేయడమే కదా?"

"పని చేస్తున్నట్టేనండి. అదే నేను చెప్పేది."

"అదే నా అభ్యంతరం."

వైకుంఠరావు గారు చెడ్డవారు కాదు. టీ తెప్పించారు. టీ తాగుతూ కాస్త వెనక్కి వాలారు.

"సర్వీసు ముగింపును ఆపగలిగింది ఒకే ఒక్కటి మాస్టారూ. శాఖాపరమైన విచారణ. విచారణ పెండింగులో ఉన్న ఉద్యోగి ఫైలును ముట్టుకునే అధికారం ఎవరికీ లేదు. ఉద్యోగి ఉన్నా సరే, పోయినా సరే. ఇదిగో, నా మీదే ఒకటుంది. జీపు టైర్ల విషయం. పదకొండేళ్లయింది."

"ఇంకా తేలలేదాండి?"

"తేలడానికి అది నడవాలి కదా" అన్నారు వైకుంఠరావు గారు కొంచెం ఆప్యాయంగా. "నా తర్వాత చేరినవాళ్లు రిటైరై వెళ్లిపోయారు. నా ఫైలు మాత్రం అలాగే ఉంది. సజీవంగా. కానీ తమ భార్య విషయంలో ఆ అవకాశం లేదు. ఆవిడ మీద ఎవరూ ఫిర్యాదు చేయలేదు కదా."

మాస్టారు టీ గ్లాసు బల్ల మీద పెట్టి, దండం పెట్టి, లేచారు.

మర్నాటి నుంచి ఆయన తన భార్య తప్పులు వెతకడం మొదలుపెట్టారు. హెడ్‌ఫోను పెట్టుకుని, పక్కన తెల్లకాగితాలు పెట్టుకుని, ఒక్కో పుస్తకమూ మొదటినుంచి వినసాగారు. ముప్పై నాలుగేళ్ల కాపురంలో ఆయన ఎప్పుడూ ఆవిడ తప్పులు పట్టిన మనిషి కాదు. అందుకని మొదట్లో చెయ్యి తిరగలేదు. రెండో రోజుకు అలవాటైంది. వరలక్ష్మి వచ్చి భోజనం వేళ అయిందని చెబితే, "ఇంకా ఒక తప్పుందమ్మా" అనేవారు.

ఆదివారాలు కూడా కలిపి పంతొమ్మిది రోజుల్లో, పొద్దున్నుంచి రాత్రి దాకా వింటే, నలభై అభియోగాలు తేలాయి. మాస్టారు వాటిని ఆఫీసు భాషలో, ఎక్కడా ఒక్క మాట ఎక్కువ కాకుండా రాశారు.

పౌరశాస్త్రం రెండో పాఠం మధ్యలో, "జాకెట్టు రేపు ఇస్తానమ్మా, చేతులు బిగువైతే విప్పేసి మళ్లీ వేస్తాను" అనుట. ఇది విధి నిర్వహణ సమయంలో ప్రైవేటు వ్యాపారం. చరిత్ర పుస్తకంలో ఒక రాజు తన తమ్ముణ్ణి చెరసాలలో వేయించిన సందర్భంలో, పాఠంలో లేకపోయినను, "నీ చేతులు పడిపోనూ" అనుట. ఇది దివంగత పాలకుని పట్ల అగౌరవం. ఒక హాస్యకథలో, నవ్వవలెనని రచయిత ఎక్కడా సూచించకపోయినా, ఒక నిమిషం నలభై సెకన్లు నవ్వి, ఆపి, క్షమించమని కోరి, మరల నవ్వుట. ఒక నవలలో ఎద్దు చనిపోయిన చోట ముక్కు చీదుట. అదే నవలలో పదకొండో అధ్యాయం చివర, ఎద్దు బతికి ఉంటే బాగుండునని తన సొంత అభిప్రాయం వ్యక్తపరచుట. జీవశాస్త్రంలో జీర్ణవ్యవస్థ గురించి చదువుతూ, వీధిలో వంకాయల బండిని ఆపి, పుచ్చులున్నాయని వాదించి, తిరిగి పెద్ద పేగు వద్ద కొనసాగించుట.

అభియోగ పత్రం పై ఆఫీసుకు వెళ్లి మూడో రోజుకు తిరిగొచ్చింది. 'ఆరోపణలు పరిశీలించడమైనది. విచారణకు అర్హమైన తీవ్రత కానరాలేదు.'

అప్పటికి గడువులో రెండు రోజులే మిగిలాయి.

"తీవ్రత అంటే ఏం కావాలంటండీ వాళ్లకి?" అన్నారు జగ్గారావు గారు. "మనిషినేమన్నా పొడిచిందా ఆవిడ?"

"చివర ఒకటి ఉంచుకున్నానండి. రాయాలనిపించక ఆగాను."

"ఏంటది?"

మాస్టారు కాగితం తీసుకున్నారు. మొదట, వైకుంఠరావు గారి నోటివెంట వచ్చిన మాటనే పత్రం తలకట్టుగా పెట్టారు: 'మరణించిన పిదప కూడా ఏనాడూ విరామం లేకుండా విధులకు హాజరగుట ద్వారా నియమావళిని సవాలు చేయుట.' తర్వాత అడుగున నలభై ఒకటోది రాశారు: 'ప్రభుత్వ పాఠ్యపుస్తకంలోని పాఠాన్ని తన ఇష్టానుసారం మార్చి చదువుట.'

ఆ కాగితం పట్టుకుని మొదటి బస్సుకు తానే వెళ్లి ఇచ్చారు. వైకుంఠరావు గారు నిలబడే చదివారు. తన మాట కనిపించిన చోట తల పంకించారు.

"ఇదీ తీవ్రత అంటే" అన్నారు. తర్వాత కళ్లజోడు తీసి మాస్టారి వైపు చూశారు. "సొంత భార్య మీద ఇంత నిష్పక్షపాతంగా... శాఖ తమ వంటివారి మీదే నిలబడి ఉంది మాస్టారూ."

ఆయన అక్కడికక్కడే సంతకం పెట్టారు. సాయంత్రానికి తెర మీద అరవై మూడు పుస్తకాలూ ఎరుపు నుంచి పసుపుకు మారాయి. 'విచారణలో ఉన్నది. సాక్ష్యాధారాలలో ఒక్క క్షణం కూడా చెరపరాదు, మార్చరాదు, తరలించరాదు. అతిక్రమించినవారు శిక్షార్హులు.' వరలక్ష్మి దాన్ని రెండుసార్లు చదివి, చీర కొంగుతో తెర మీది దుమ్ము తుడిచింది.

విచారణ అధికారిగా వైకుంఠరావు గారు తమను తామే నియమించుకున్నారు. అయితే సాక్ష్యం రెండు వందల పద్నాలుగు గంటలుంది. అంత తీరిక శాఖలో ఏ అధికారికీ లేదు. తీరిక ఉన్నా, ఉందని కాగితం మీద ఒప్పుకునేవారు అసలే లేరు. కాబట్టి ఆయన తరఫున వినడానికి ఒక 'విచారణ శ్రోత'ను నియమించమని ఉత్తర్వు వచ్చింది. ఆ వ్యక్తి శాఖకు చెందినవాడు కాకూడదు, వినడంలో అనుభవం ఉండాలి, ముఖం చూసి మొహమాటపడే అలవాటు ఉండకూడదు. కొత్తరేవులో ఆ అర్హతలన్నీ ఉన్న మనిషి ఒక్కరే.

జగ్గారావు గారు ఉత్తర్వును మడతపెట్టి జేబులో పెట్టుకున్నారు. మర్నాడు ఇస్త్రీ చొక్కాతో వచ్చారు. మాటతీరు కూడా మారింది.

"ఫిర్యాదుదారు హాజరుగా ఉన్నారా?"

"ఇక్కడే ఉన్నానండి జగ్గారావు గారూ."

"ఆయ్. పేర్లు పెట్టి పిలవకండి. విచారణ శ్రోత గారూ అనండి. వరలక్ష్మమ్మా, నువ్వు రాసుకో. నిందితురాలిని ప్రవేశపెట్టండి."

రోజూ పదకొండు నుంచి ఒంటిగంట దాకా విచారణ సాగింది. నిందితురాలు పౌరశాస్త్రం చదివింది, జాకెట్టు రేపు ఇస్తానంది, వంకాయలు బేరం చేసింది. నవ్వు దగ్గర విచారణ శ్రోత గారికి సందేహం వచ్చి, అది ఒక నిమిషం నలభై సెకన్లా లేక నలభై రెండా అని నాలుగుసార్లు వేయించుకున్నారు. ఎద్దు నవల పూర్తిగా, మొదటి పేజీ నుంచి విననిదే ముక్కు చీదుట సమంజసమో కాదో చెప్పలేనన్నారు. దానికే మూడు వారాలు పట్టింది. కింద ఉన్న మామూలు గ్రంథాలయంలో పేపర్లు చదువుకునేవాళ్లు ఒక్కొక్కరే పైకి వచ్చి, గోడవారగా నిలబడి, విచారణకు హాజరవడం మొదలుపెట్టారు.

అలా నలభై అభియోగాలూ గడిచాయి. చివరిది మిగిలింది.

ఆ రోజు మాస్టారు కొంచెం ముందుగానే వచ్చి కూర్చున్నారు. అది ఆరో తరగతి తెలుగు వాచకంలో పాఠం. మాణిక్యం గొంతు పల్లెటూరి రాత్రి గురించి చదువుతూ, చదువుతూ, ఆగింది.

"ఏవండీ" అంది. ఈ మాట పాఠంలో లేదు. "ఇక్కడ 'వెన్నెల తెల్లగా ఉంది' అనుందండి. పుట్టుకతో చూపు లేని పిల్లలకి తెల్లగా అంటే ఎలా తెలుస్తదండీ? 'చల్లగా ఉంది' అని చదివెయ్యనా?"

తర్వాత ఏమీ లేదు. దూరంగా కాగితాలు తిప్పుతున్న చప్పుడు వినిపించింది. అది మాస్టారు ఇంకా హైస్కూల్లో ఉన్నప్పటి మాట. ఆ మధ్యాహ్నం ఆయన అదే గదిలో కిటికీ దగ్గర కూర్చుని అర్ధసంవత్సర పరీక్షల పేపర్లు దిద్దుతున్నారు.

"పన్లో ఉన్నారు" అంది మాణిక్యం గొంతు, తనలో తను అనుకున్నట్టు. ఆ వెంటనే స్పష్టంగా, పాఠం చెప్పే గొంతుతో, "వెన్నెల చల్లగా ఉంది" అని చదివి ముందుకు సాగింది.

జగ్గారావు గారు చెయ్యెత్తారు. వరలక్ష్మి ఆపింది.

"నిందితురాలు ఫిర్యాదుదారుని అనుమతి అడిగింది" అన్నారు జగ్గారావు గారు. "అడక్కుండా మార్చిందని కదండీ తమరు రాసింది?"

"అడిగింది. నేను వినలేదు."

"అయితే జవాబు రికార్డు కావాలి. చెప్పండి. మారుస్తానంది. మార్చమంటారా, వద్దంటారా?"

మాస్టారు కంప్యూటర్ వైపు తిరిగారు. ఆయన ఎప్పుడూ మాట తూచి వాడే మనిషి.

"నీకు తోచినట్టు చదువు మాణిక్యం" అన్నారు. "నీకే బాగా తెలుసు."

వరలక్ష్మి రాసుకుంది. రాసి, కలం పట్టుకుని ఎదురు చూసింది. జగ్గారావు గారు తల ఒంచి కూర్చున్నారు. విచారణ శ్రోత గొంతుతో కాక, తన మామూలు గొంతుతో అన్నారు.

"డెబ్బై ఏళ్ల నుంచీ వెన్నెల గురించి అందరూ నాకు చెబుతానే ఉన్నారండి. నాకు అర్థమయ్యేలా చెప్పింది ఈవిడే."

"అయితే అభియోగం రుజువు కాలేదని రాయమంటారా?" అంది వరలక్ష్మి.

"అమ్మో, అలా రాశావంటే ఫైలు మూసేస్తారమ్మా." జగ్గారావు గారు కుర్చీలో సర్దుకుని కూర్చున్నారు. "సరిగా వినపళ్లేదని రాయి. మొదటి అభియోగం దగ్గర్నుంచి మళ్లీ పెట్టు."